బొమ్మ వచ్చిందా?

ఆ ఆదివారం పొద్దున వేణుగోపాలరావు చేతిలో ఉన్న సరుకు ఇది: తుక్కు లాటులో వచ్చిన డబ్బా టీవీ, పనిచేస్తుందన్న నమ్మకం మీద తెచ్చిన వీసీఆర్, కర్నూలు నుంచి తెప్పించుకున్న పాత క్యాసెట్టు, సాయంత్రం దాకా అల్లాబకాష్. గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్‌లో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు కొని అమ్మే మనిషి కనుక దేనికెంత ఆయుష్షో అతనికి తెలుసు. హాస్టల్ నాటి స్నేహితుడు అల్లాబకాష్‌కు వీసా రద్దయింది. సాయంత్రం విమానానికి ఇక తిరిగి రాకుండా వెళ్లిపోతున్నాడు.

క్యాసెట్టులో ఉన్నది 1986 నాటి కాలేజీల ఫుట్‌బాల్ ఫైనల్. దూరదర్శన్‌లో తమ కాలేజీ ఆడుతుంటే హాస్టలంతా ఒకే టీవీ ముందు కూర్చుంది. బొమ్మ నిలవక, యాంటెనా తిప్పమని అల్లాబకాష్‌ను డాబా ఎక్కించారు. "వచ్చిందా?" అని పైనుంచి అతను, "రాలేదు, ఇంకొంచెం తిప్పు!" అని కిందనుంచి వీళ్లు. అతను ఆట ఒక్క నిమిషమూ చూడలేదు. గోలు పడే వేళకు తెరంతా చుక్కలై వీళ్లూ చూడలేదు. అతన్ని డాబా ఎక్కించింది తనే. వేణుగోపాలరావు దాన్ని ఇన్నేళ్లూ నష్టం కిందే రాసుకున్నాడు.

"పోయే మనిషికి కడుపునిండా అన్నం పెట్టక, ఈ డబ్బా ఎందుకండీ?" అని విసుక్కుని మాలతి కూరగాయలకు వెళ్లింది.

టీవీకి చోటు చాలక సోఫా, టీపాయి వరండాలోకి వెళ్లాయి. హాస్టల్లోలా నేలమీద కూర్చోవాలని అతను తెల్ల దుప్పటి పరిచాడు. అల్లాబకాష్ గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నాడు. వీసీఆర్ వైరు వదులుగా ఉంది. చేత్తో నొక్కి పట్టుకుంటేనే బొమ్మ నిలుస్తోంది. వేణుగోపాలరావు టీవీ వెనక వెల్లకిలా పడుకుని పట్టుకున్నాడు. పాదాలు మాత్రం ఇవతల ఉన్నాయి.

"వచ్చిందా?"

"వచ్చిందిరా," అన్నాడు అల్లాబకాష్. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

పక్క ఫ్లాటు ఉమామహేశ్వరి తలుపు తీసింది. వరండాలో సోఫా, తెరిచి ఉన్న గుమ్మంలోంచి లోపల తెల్ల దుప్పటి, ఏడుస్తున్న మనిషి, కదలని రెండు పాదాలు. పరుగున వెనక్కి వెళ్లి బిల్డింగు తెలుగువాళ్ల గ్రూపులో పెట్టింది: "వేణుగోపాలరావు అన్నయ్యగారు ఇక లేరు." ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కదా అని ఒకరు పులిహోర, ఒకరు పప్పు పట్టుకుని బయలుదేరారు.

గ్రూపులో కబురు చూసి వస్తున్న వెంకట్రావు లిఫ్టులో మాలతి చేతిలోని సంచీ అందుకున్నాడు. "ధైర్యంగా ఉండాలి వదినా. పిల్లవాడికి ఇక మీరే."

"ఏమైందండీ? మావాడి పరీక్ష పోయిందా?"

వెంకట్రావు తల దించుకున్నాడు. మాలతి ఇంట్లోకి వచ్చి, పాదాలు చూసి, "ఏమండీ!" అని కేక పెట్టింది.

"అరవకు మాలతీ! వైరు కదులుతోంది!" అన్నాయి పాదాలు.

పులిహోర గిన్నెతో నిలబడ్డ ఉమామహేశ్వరికి ముఖం చెల్లలేదు. అల్లాబకాష్ మీద విరుచుకుపడింది. "మరి మీరెందుకు ఏడుస్తున్నారు బాబాయ్? ఎవరు పోయారని?"

"మా సర్వర్ బేగం పోయిందమ్మా." అతను టీవీ వైపు తిరిగాడు. "వేణూ, ఆ పొద్దు బొమ్మ చెడగొట్టింది నేనేరా. పక్క డాబా మీద సర్వర్ మిరపకాయలు ఎండబోస్తాండె. బొమ్మ నిలిస్తే దిగమంటారని, మీరు వచ్చింది అన్నప్పుడల్లా మళ్లీ తిప్పేసినా."

ఇవతలి పాదాల వేళ్లు ముడుచుకున్నాయి.

"దాంతోనే పెండ్లయింది, బిడ్డలైనారు. కరోనాలో ఊర్లో అది పోయినప్పుడు విమానాలు లేవు. మట్టి ఇచ్చేది ఫోన్లో చూసినా. ఈడ లేబర్ క్యాంపులో నా తలుపు తట్టినోడు లేడు, అందరికీ భయం. ఖలాస్, నా ఏడుపు నాదే అనుకున్యా."

వెంకట్రావు చెప్పులు విడిచి దుప్పటి మీద కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. మాలతి ఆ పులిహోరే తెచ్చి ముందు అల్లాబకాష్‌కు వడ్డించింది. "సర్వర్ వదిన ఏం వండేది అన్నయ్యా?" అని అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. వైరు వదిలితే బొమ్మ పోతుందని వేణుగోపాలరావు అలాగే పడుకుని విన్నాడు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తెరమీద జనం ఒక్కసారి హోరెత్తారు. ఇక్కడ ఎవరూ తల తిప్పలేదు.

స్నేహితుణ్ని షార్జా విమానాశ్రయంలో దించి వచ్చి అతను లెక్క చూసుకున్నాడు. సోఫా ఇంకా వరండాలోనే ఉంది. టేపు వీసీఆర్‌లో నలిగిపోయింది. తను ఎంత మంచివాడో గ్రూపులో సంతాపాలు చదివాక తెలిసింది. అల్లాబకాష్ వెంట రెండేళ్లు ఆలస్యంగా దొరికిన పరామర్శ, ఒక డబ్బా పులిహోర వెళ్లాయి. గోలు మాత్రం ఈసారీ ఎవరూ చూడలేదు.