ఎడమచేతి తొడుగు మహాసంగ్రామం

అఖిల జాకెట్ల జననకాలమగు శ్రావణమాసమున, తెలంగాణ రాష్ట్రావిర్భావానంతర దశమ వత్సరమున, లారీల ఘోషకు అహోరాత్రములు అదరుచుండు నార్కట్‌పల్లి చౌరస్తా సమీపమున, ఒకానొక రేకుల దుకాణమునందు, మున్ముందుగా ప్రభువును తలచి, ఆపై కత్తెరకును, కొలత టేపునకును, రెండు చుక్కల మిషన్ నూనెకును నమస్కరించి, ఒక భీకర సంగ్రామమును వర్ణింపబూనితిని. చెవులొగ్గుడు!

ఆ సంగ్రామమున నాయిక ఎవరయ్యా అంటే, శతసహస్ర రవికా నిర్మాత్రి, హుక్కు కాజా విశారద, కంఠరేఖా ఖండన ధురంధర, ఆటో సారథి జాషువా ధర్మపత్ని, శ్రీమతి ఎస్తేరు. అనగా నేనే. కిరాయికి పొగిడే భట్రాజు ఎవరూ దొరకనందున ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను.

ఇక శత్రువు. రెండేళ్ల కింద నాకు రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషను చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, అది పోయింది. అయితే చంకలో గడ్డలు తీసినప్పుడు చేతిలోని నీరు దిగే దారి కూడా వాటితోపాటే పోయింది. నాటినుండి నా వామహస్తము మణికట్టు మొదలు భుజశిఖర పర్యంతము వాచి, ఉబికి, బరువెక్కి, సాయంత్రమగుసరికి నాది కానట్టు వేలాడసాగెను. చూసిన ప్రతివాళ్లూ మర్రిగూడ నీళ్లే కారణమని తీర్పు చెప్పారు. నేను పుట్టింది అక్కడే కదా, ఇక తలనొప్పి వచ్చినా ఆ ఫ్లోరైడు మీదికే తోస్తారు.

నల్లగొండ దవాఖానలో చేతి కసరత్తులు నేర్పే హరిత మేడం మాత్రం అసలు సంగతి చెప్పి, అరచేతి నుంచి భుజం దాకా పట్టే ఒక తొడుగు ఇచ్చింది. ఒంటి రంగుది, యమ బిగుతుది. పొద్దున లేవగానే వేసుకుని, రాత్రి పడుకునేముందు తీసేయాలి.

ఇక్కడే జరిగింది ఘోరం! ఇరవై రెండేళ్లుగా నేను కొలిచే శాస్త్రంలో బిగుతు అంటే పాపం. రవిక పట్టేసిందని ఎవరైనా తిరిగొస్తే, కుట్టు విప్పి వదులు చేసి ఇవ్వడమే ధర్మం. ధర్మం తప్పని ఆ మహాతల్లి, అనగా నేను, తొడుగు కుట్టును నిలువునా విప్పి, నడుమ పాత లెగ్గిన్ గుడ్డ రెండంగుళాలు అతికి, ఓవర్‌లాక్ కొట్టి, పైనుంచి ఇస్త్రీ కూడా చేసింది. పక్క దుకాణంలో చీరలకు ఫాల్ కుట్టే నాజియాను పిలిచి మరీ చూపించింది. చేతికి ఎంత హాయో! నెల తిరిగేసరికి ఆ హాయి మణికట్టును ఏడున్నర ఇంచులకు ఉబ్బించింది.

మళ్లీ దవాఖానకు పోతే, మేడం ఆ తొడుగును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎస్తేరక్కా, గీ నల్ల గుడ్డ ఏంది?"

"లెగ్గిన్‌ది మేడం. మంచిగ సాగుతది."

"బిగుతే దీనికి మందు అక్కా. నువ్వు మందు పారబోసి సీసా తొడుక్కున్నవ్."

మేడం కొత్త తొడుగు తెప్పించి చేతికిస్తూ గడువు పెట్టింది. "పది దినాలు సూస్త. మణికట్టు జరంతన్న తగ్గకుంటే చెయ్యంత పట్టీలు చుట్టాలె. అప్పుడు మిషన్ బంద్."

మిషన్ బంద్! క్యాన్సర్ అన్ననాడు కూడా ఏడవని నేను, ఆ మాటకు నల్లగొండ బస్సులో నార్కట్‌పల్లి వచ్చేదాకా ఏడ్చాను. జాషువా ఆటో ఉంది, తిండికి లోటు లేదు. కానీ మిషన్ కుట్టని ఎస్తేరు ఎవరో నాకు తెలియదు.

అంతట ప్రథమ దివసమున, అరుణోదయ వేళ, వామహస్తమున పౌడరు పూసి, దక్షిణహస్తమున గిన్నెలు తోమెడు రబ్బరు కవచమును ధరించి, మంచముపై ఆసీనురాలై, తొడుగును కన్నెర్రజేసి చూచి వీరనారి యిట్లు గర్జించెను:

"ఓసి తొడుగా! నేనెవలనుకున్నవే? పట్టు గుడ్డ నా కత్తెరను సూసి గజగజ వణుకుతది! మగ్గం పని చేసిన గుడ్డ గూడ నా ముంగట నోరెత్తది! జానెడు లేవు, నీ బిగుతెంత, నీ బతుకెంత? ఎక్కుతవా లేదా?"

ఎక్కలేదు. మోచేతి దగ్గర ఆగింది. లాగితిని, సవరించితిని, పండ్లు కొరికితిని, చెమటచే పౌడరు పిండిముద్దయ్యెను. జాషువా తలుపు దగ్గర నిలబడి, "కటింగ్ ప్లేయర్ తేవాల్నా?" అని అడిగాడు. నేను చూసిన చూపుకు మనిషి ఆటోతో సహా మాయమయ్యాడు. అర్ధగంటా పర్యంత ఘోర సమరానంతరము తొడుగు భుజమెక్కెను. ముడత ఒక్కటి లేదు. ఎక్కినది మొదలు నన్ను పట్టి పిండెను.

ఎక్కించడం ఒక యుద్ధమైతే, ఎక్కినదాన్ని వదులు చేయకుండా ఉండడం అంతకు మించింది. ఆరవ దినమున, మధ్యాహ్నవేళ, నా కుడిచేయి నన్నడగకుండా సొరుగు తెరిచి, కుట్లు విప్పే బ్లేడు తీసింది. ఒక్క పావు ఇంచు వదిలితే చాలు, ఎవరికి తెలుస్తుంది! బ్లేడు కుట్టుకు ఆనింది. లేచి, ఉరికి, ఆ బ్లేడును నాజియా చేతిలో పెట్టాను.

"దాచిపెట్టు. నేనడిగినా ఇయ్యకు."

ఆ తర్వాత నాలుగు రోజులు ఏ రవిక విప్పాల్సి వచ్చినా నాజియా దుకాణంలోనే, దాని కళ్లముందే.

"ఎవరి కుట్లక్కా?" అని ప్రతిసారీ అడిగేది.

"జానయ్య పెండ్లాం రవికవే తల్లీ, నీకు దండం పెడ్త."

దశమ దివసమున దవాఖానకు పోయి నా టేపు నేనే ఇచ్చాను. మేడం మణికట్టుకు చుట్టి చూసింది.

"ఏడుంబావు."

"గుంజి పట్టిన్రా మేడం?"

"లేదక్కా."

"అట్ల కాదు. జర వదులుగ వట్టి మల్ల కొలువున్రి." గిరాకీలకు నడుము సన్నమని చెప్పడానికి నేనెన్నిసార్లు టేపు గుంజి పట్టానో నాకు తెలుసు, అందుకే ఈ లోకంలో ఏ టేపునూ నమ్మను.

మేడం వదులుగా పట్టింది. కళ్లు మూసుకున్నాను.

"ఏడుంబావే."

"మిషనో?"

"నడుపు. కాని గంటకొకసారి ఆపి, చెయ్యి మీదికి లేపాలె."

వినుడు, నల్లగొండ మండల వాస్తవ్యులారా! పావు ఇంచు! రక్తము చిందకయే, కుట్టు తెగకయే, శ్రీమతి ఎస్తేరు పావు ఇంచు భూభాగమును జయించెను! దవాఖాన వరండాలో చీటీలు పట్టుకుని కూర్చున్న జనమంతా చూస్తుండగా, మేడం చెప్పినట్టే, ఎడమ చెయ్యి మీదికి లేపాను.