నెత్తిన తడిగుడ్డ

ఆ ఏడు చిత్తిరై నెల ఎండలకు సూలూరు దగ్గరి నూలుమిల్లులో ఇద్దరు స్పృహ తప్పారు. మిల్లు డాక్టరు అందరినీ నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం బయట తిరగవద్దనీ, తప్పకపోతే నెత్తిన తడిగుడ్డ వేసుకోమనీ, ఉరిమితే చెట్టు కిందికి పోవద్దనీ చెప్పాడు. మేస్త్రీ నారాయణసామికి వెంటనే అన్నూరులోని అక్క ఇరుళాయి గుర్తుకొచ్చింది. అరవై దాటినా ఆమె మధ్యాహ్నం కూడా పత్తిచేను వదలదు.

తన వారపు సెలవునాడు పొద్దున్నే తువ్వాలు నీళ్లలో ముంచి నెత్తిన వేసుకుని, ఎండ ముదిరేలోగా అక్కను చేనులోంచి ఇంటికి చేర్చాలని సైకిలెక్కాడు. నీళ్లు కారుతూ పోయే మనిషిని చూసి టీకొట్టు చెల్లప్ప ఆపాడు. చావింటి స్నానం చేసినవాళ్లే అలా ఉంటారని అతని లెక్క.

"ఏమి మామా, యాడికి?"

"అక్క కోసం పోతా ఉండా మాప్ళే. ఈ ఎండకు..." గొంతెండి మాట ఆగింది.

"అయ్యో పావం. ఎప్పుడు?"

"మధ్యాన్నం లోపల అయిపోవాల."

నారాయణసామి వెళ్లగానే చెల్లప్ప కొట్టు మూసి మిల్లు గేటుకు పరుగెత్తాడు. షిఫ్టు దిగినవాళ్లు ముప్పైమంది, పూలమాలలు, తప్పెట, అన్నీ పత్తిలారీ ఎక్కాయి.

అక్కడ చేనులో నారాయణసామి ఇంటికి రమ్మని రెండు గంటలుగా బతిమాలుతున్నాడు. ఇరుళాయి చింతచెట్టు నీడ వదలడం లేదు. ఇంతలో మబ్బు కమ్మి ఉరిమింది.

"చెట్టు కింద వొద్దక్కా. డాక్టరు చెప్పినాడు."

"మీ డాక్టరుకు చేనుండాదా?" అని ఆమె ఇంకాస్త వెనక్కి జరిగి మానుకు ఆనుకుంది.

అప్పుడే ఇంటివైపు నుంచి తప్పెట మోగింది. "అక్కా, మమ్మల్ని విడిచి పోయినావే" అని మగగొంతులు ఏడ్చాయి.

"మా ఇంటికాడ సచ్చింది ఎవుర్రా?" అంటూ ఇరుళాయి చీర ఎగ్గట్టి పరుగు తీసింది. తమ్ముడు వెనకే పరుగెత్తాడు.

ఇంటి అరుగెక్కిన ఆమెను చూడగానే చెల్లప్ప చేతిలోని మాల జారిపోయింది. ఆమె తిట్టబోయేంతలో కళ్లు చెదిరే వెలుగు, వెంటనే చెవులు పగిలే చప్పుడు. చేనులో చింతచెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది.

నారాయణసామి అరుగు మీద కూలబడ్డాడు. ఇరుళాయి చెట్టును చూసింది, తరువాత మాలలను చూసింది.

"వాన నిలిచేదాకా ఎవురూ కదలొద్దు. లోపలికి రాండి."

ఆ సాయంత్రం తన చావుకు వచ్చిన ముప్పైమందికీ ఇరుళాయి తానే వండి వడ్డించింది.