అక్షరం పోయింది

ఆదివారం పొద్దున్నే మ్యూజియానికి వెళ్లి, దేశం పుట్టిననాడు పెద్దలు సంతకాలు చేసిన పత్రం చూసి, భోజనం వేళకు ఇల్లు చేరాలన్నది ప్రూఫ్ రీడరు గారి భార్య పథకం. బళ్లో చదివే రోజుల నుంచీ ఆవిడకది తీరని కోరిక. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో తప్పులు దిద్ది, ఈమధ్యే రిటైరై గోళ్లు గిల్లుకుంటున్న ఆయన కాదనలేకపోయాడు. గుమ్మం పక్క దుకాణంలో ఆవిడ ఆ పత్రం నకలొకటి కొని, చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంది.

అసలుది లోపల మసక వెలుతురులో, అద్దాల పెట్టెలో ఉంది. జనం చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఆయన మాత్రం కళ్లజోడు పైకి నెట్టి, రాతలో మూడో వరుస దగ్గర ఆగిపోయాడు.

"ఇందులో ఒకటి పోయిందే," అన్నాడు భార్య చెవిలో.

"ఏం పోయింది?"

"అక్షరం."

వెనకనున్న కాపలాదారుకు మొదటి మాటే వినపడింది. "పత్రాల గదిలో ఏదో పోయిందట," అని వాకీటాకీలో చెప్పాడు. మెట్ల దగ్గరివాడు దాన్ని "పత్రమే పోయిందట" చేశాడు. గేటు చేరేసరికి దొంగకు కళ్లజోడు కూడా వచ్చింది. తలుపులు మూతపడ్డాయి. పత్రం పెట్టెలోనే ఉందని చూసినవాళ్లు మొత్తుకుంటున్నా వినే నాథుడు లేడు. సంచుల సోదాలో ఆవిడ దగ్గరున్న కాగితం చుట్ట బయటపడింది.

"కింద కొన్నానండీ."

"రసీదేదమ్మా?"

"తీసుకోలేదు."

"అందరూ అదే చెబుతారు."

అంతమందిలో ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఈలోగా మ్యూజియం అధికారిణి పరుగున వచ్చింది. ఆయన తాపీగా నకలు చదువుతున్నాడు.

"మేడమ్, మీ దుకాణం కాగితంలో అక్షరం ఉంది. పెట్టెలోదాంట్లో లేదు. కావాలంటే మీరే చూసుకోండి."

అధికారిణి చూసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇద్దర్నీ పక్కకు పిలిచి గొంతు తగ్గించింది.

"అసలు పత్రం మరమ్మతులో ఉందండీ. నాలుగు నెలలుగా పెట్టెలో ఉన్నది చేత్తో రాయించిన నకలు. దయచేసి బయట అనకండి. మీకు అసలుదే చూపిస్తాను."

అలా దొంగలు కాస్తా అతిథులై వెనక గదిలోకి నడిచారు. భార్య కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయింది. ఆయన మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా వేలితో గాలిలో గీత గీస్తూ వెళ్లి, మళ్లీ మొదటికొచ్చాడు.

"ఏవండీ, ఇందులోనూ ఏమైనా పోయిందా?" అంది భార్య బెదురుగా.

"ఒక్క తప్పూ లేదే," అన్నాడాయన దిగులుగా.

దిద్దడానికేమీ దొరక్క, జీవితంలో మొదటిసారి ఆయన ఒక కాగితంలో ఏం రాశారో చదివాడు.