బంతి కదలరాదు

కింద పడే వస్తువు ఎలా పడాలన్నది ఇంతకాలం ప్రకృతి ఇష్టానికే వదిలేయడం వల్ల దేశానికి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. ఆ లోటు పూడ్చడానికే చలన వీడియోల పర్యవేక్షక విభాగం వెలిసింది. (విభాగానికి పై అంతస్తులో గది ఇచ్చారు. లిఫ్టు కదలదు.)

ప్రతి పాఠశాలా ఒక ప్రయోగాన్ని స్పష్టంగా వీడియో తీసి యాప్‌లో పెట్టాలి. అందులోని వస్తువు ఎంతసేపట్లో ఎంత దూరం కదిలిందో విభాగం ఫ్రేము ఫ్రేముగా విశ్లేషిస్తుంది. మెచ్చిన వీడియో తీసిన విద్యార్థిని విశాఖలో సైన్సు శిబిరానికి పిలుస్తుంది.

చోడవరంలో పదో తరగతి చదువుతున్న సనోబర్ ఈ ఉత్తర్వును నమ్మింది. (చిన్నతనం.)

నాన్న జమీర్ కుట్టుకొట్టు నుంచి నల్లగుడ్డ తెచ్చి బడి గోడకు కట్టింది. పక్కన మీటరు స్కేలు నిలబెట్టింది. ఫోను వణక్కుండా ఇటుకల మధ్య బిగించింది. చెరకు ట్రాక్టర్లు వెళ్తే నేల అదురుతుందని, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, మంచి ఎండలో పసుపు బంతిని వదిలింది. ప్రతి ఫ్రేములోనూ బంతి గుండ్రంగా, స్పష్టంగా కనిపించింది.

“టీచర్, సూడండి! కిందకొచ్చే కొద్దీ ఫ్రేముకీ ఫ్రేముకీ ఎడం పెరుగుతంది!” అని గెంతింది.

భౌతికశాస్త్రం చెప్పే దుర్గాదేవికి కళ్ళు చెమర్చాయి. తన పాఠం విని ఎవరైనా గెంతడం ఆవిడ సర్వీసులో అదే మొదలు.

యాప్ వీడియోను తిప్పికొట్టింది. కారణం: ఉపాధ్యాయురాలి ముఖం లేదు. దుర్గాదేవి వెళ్ళి స్కేలుకు అడ్డంగా నిలబడింది. యాప్ మళ్ళీ తిప్పికొట్టింది. కారణం: ఈ పథకం బ్యానరు లేదు. నల్లగుడ్డ మీద బ్యానరు కట్టారు. బ్యానరూ పసుపే కావడంతో బంతి అందులో కలిసిపోయింది. ఈసారి విభాగం దయతలచి ఒకే ఒక్క లోపం చూపింది: బంతి మసకగా ఉంది.

విభాగంలోని పర్యవేక్షకుడు సత్యారావుకు దుర్గాదేవి ఫోన్ చేసింది.

“నేను స్వయంగా సూసేను మేడం. మీ బంతి కదిలిపోతందండి. కదిల్తే మసక రాదేటి?”

“చలనం గురించే కదండీ సార్ వీడియో?”

“చలనం మీ ఇష్టమండి. బంతి మాత్రం కదలకూడదు. రేపే ఆఖరు.”

ఆవిడ ఫోన్ పెట్టేసి సనోబర్‌ని పిలిచింది.

“బంతిని బ్యానరుకి అంటించెయ్యమ్మా.”

“అంటిస్తే పడదు కదా టీచర్?”

“పడదు. నువ్వు శిబిరానికెళ్తావు.”

సనోబర్ జిగురు సీసా తెచ్చింది. ఆ పిల్ల జిగురు రాస్తున్నంతసేపూ దుర్గాదేవి రోడ్డుకేసి చూస్తూ నిలబడింది.

ఆ వీడియో చిటికెలో ఆమోదం పొందింది. (వ్యాఖ్య: అత్యంత స్పష్టం.)

విశాఖ శిబిరంలో దాన్ని పెద్ద తెర మీద వేశారు. విశ్లేషణ ఫలితం కూడా చూపారు: వేగం సున్నా, లోపాలు సున్నా. సత్యారావు సనోబర్‌ని వేదిక మీదికి పిలిచి మైకు అందించాడు.

“ఇంత నీటుగా ఎలా తీసేవో సెప్పమ్మా.”

సనోబర్ ఒకసారి తెరకేసి చూసింది.

“మా బంతి మంచిదండి. పెద్దోళ్ళు పడొద్దంటే పడదు.”

సత్యారావు మురిసిపోయి మైకు వెనక్కి తీసుకున్నాడు.

“ఇన్నారా పిల్లలూ? మీరూ అలాగే ఉండాలి.”

హాల్లో ఒక్కరూ కదల్లేదు.