రెండు తలల కంప్యూటరుపై ప్రసన్నకుమారి దండయాత్ర

శ్రీమద్వసిష్ఠా వైనతేయ నదీద్వయ మధ్యస్థమై, నారికేళవన నిబిడమై, కరెంటుకోతలచే పునీతమై యొప్పు రాజోలు పురంబున, క్రొత్త సహస్రాబ్దపు మూడవ యేట, ఆషాఢపు జల్లు పెంకులపై భేరీనాదము సేయుచుండ, మిషను పాఠశాల కంప్యూటరు టీచరు ప్రసన్నకుమారి కొంగు బొడ్డున దోపి, స్క్రూడ్రైవరాయుధపాణియై, ఒక పాత కంప్యూటరు నెదుర నిలిచెను.

అది సామాన్య యంత్రము గాదు. హైదరాబాదున మూతబడిన యొక కార్యాలయము నుండి హెడ్మాస్టరు సాలమోను మాష్టారు తెప్పించిన మహాకాయము. దాని గర్భమున ఒకటికి రెండు ప్రాసెసర్లు గలవు. "మన కంప్యూటరుకి రెండు తలకాయలండీ" అని మాష్టారు ఊరెల్ల చాటి, ఆ సాయంత్రమే ప్రారంభోత్సవమని పాఠశాల కమిటీవారిని పిలిచియుండిరి. ఆలోపల దానికి ఆపరేటింగ్ సిస్టమెక్కనిచో ఆ గది కుట్టుక్లాసునకు పోవునని కమిటీ తీర్మానము. కుట్టు టీచరు రాజ్యంగారు అప్పుడే రెండు కుట్టుమిషన్లను గుమ్మము కడకు మోయించి, ఒకదానిపై మోచేయి యానించి నిలిచిరి.

ప్రసన్నకుమారి సీడీని సంధించెను. నీలితెరపై ఫైళ్ల సేన బారులు దీరి హార్డ్‌డిస్కులోనికి నడచెను. తొలిఘట్టము నిర్విఘ్నముగ ముగిసెను. అంతట కంప్యూటరు తన్నుదాన యార్పుకొని, మరల లేచి, రెండవ ఘట్టమున నడుగిడినదో లేదో కొయ్యబారెను. మౌసు కదలదు, మీట పలుకదు, ఫ్యాను మాత్రము ఘోషించుచుండెను. సీడీని పైటచెంగుతో దుడిచి మొదటినుండి నడిపెను, అచ్చటనే ఆగెను. మెమరీ కార్డులు పెఱికి, రబ్బరుతో రుద్ది, మరల గ్రుచ్చెను, అచ్చటనే ఆగెను. సాలమోను మాష్టారు కన్నులు మూసి ప్రార్థన సలిపి, "ఆమెన్" అని కన్నులు దెరచునప్పటికి, అచ్చటనే ఆగియుండెను.

"జల్లుకి మిషన్లు తడిసిపోతన్నాయండీ టీచరుగారూ," అనిరి రాజ్యంగారు మెల్లగా.

గది పోయినచో ప్రసన్నకుమారి మరల మూడో తరగతికి ఎక్కాలు వల్లెవేయింపవలసినదే. ఆమె తెరవంక తేరిపార జూచి, హఠాత్తుగ నేదియో తోచి, గంభీరస్వరమున నిట్లనియెను:

"ఓయి ద్విశిరస్క యంత్రాధమా, తొలిఘట్టమున ఒక్క తలతోనే నడచితివి గనుక సాగితివి. రెండవ తల మేల్కాంచినంతనే మూర్ఛిల్లుచుంటివి. నీ రోగమెచ్చటనో నేడెఱింగితిని. ఇదే నీ రెండవ శిరము నుత్తరించెద."

సాలమోను మాష్టారు కంగారుపడిరి. "అమ్మా ప్రసన్నా, రెండని కమిటీవారికి చెప్పేనమ్మా. ఇప్పుడొకటి పీకేస్తే నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

"తియ్యకపోతే రెండూ దండగేనండీ మాష్టారూ. తీస్తే ఒకటన్నా పనిచేస్తుందండీ."

ఆయన చేయి చాచిరి. "ఆయ్, అయితే తీసి ఇలా ఇయ్యమ్మా. రెండోది నా జేబులో ఉందని చెబుతాను. అబద్ధం కాదు కదా."

అంతట నా వీరవనిత ఫ్యానును పెకలించి, కొక్కెమెత్తి, బిస్కత్తంత రెండవ ప్రాసెసరును పీకి మాష్టారి కరకమలముల నుంచి, మరల సీడీని సంధించెను. తొలిఘట్టము గడచెను. రెండవ ఘట్టమున నడుగిడెను. నడుమ దీపములు మినుకు మినుకుమనెను. కరెంటు కరుణించెను. యంత్రమాగలేదు. తుదకు ఘంటారావ సదృశమగు చిన్న మ్రోత మ్రోగి, సిస్టమెక్కి తెర వెలిగెను. విశాలమైన యా తెరపై, కుడిమూలన, ఒక్క బొమ్మ మాత్రము వెలసెను.

రాజ్యంగారు లోనికి వచ్చి వంగి చూచిరి. "ఏవిటండీ అది?"

"చెత్తబుట్టండీ."

"పొద్దుట్నించీ ఇంత యుద్ధం చేసి చెత్తబుట్ట తెచ్చేరా అండీ?"

"ఖాళీగా ఉందండీ, చూడండి," అని ప్రసన్నకుమారి దానిని తెరచి చూపెను.

రాజ్యంగారు చూచిరి. నిజముగనే ఖాళీ. గదిపై ఆశ విడిచి, మిషన్లను వరండాలోనికి మోయించుకొని వెడలిరి. మాష్టారు కమిటీ ప్రెసిడెంటుకై తెప్పించిన బంతిపూల దండను కంప్యూటరు మెడలో వేసిరి. ఇట్లు రాజోలు పురంబున, ఏకశిరస్క కంప్యూటరుపై, రవ్వంత చెత్తయైన లేని యొక చెత్తబుట్ట ప్రసన్నకుమారికి సంపూర్ణముగ వశమయ్యెను.