వెలుగు వేగం వచ్చిన వీధి

నగరంలో మరే వీధికీ దక్కని అదృష్టం తమ వీధికి దక్కబోతోందని కార్పొరేటర్ గారు ఒక ఉదయం మైకులో ప్రకటించారు. వెలుతురు ఎంత వేగంగా పరిగెడుతుందో ఇకమీదట ఆ వీధిలోకి ఇంటర్నెట్ అంత వేగంగా వస్తుందట. అదీ ఒక కంపెనీ కాదు, మూడు కంపెనీలు పోటీలు పడి మరీ తెస్తాయట. పోటీ ఉంటేనే ప్రజలకు మేలన్నది ఆయన సిద్ధాంతం. ఆయన మాత్రం కిందటి ఎన్నికల్లో పోటీ లేకుండా గెలిచారు. ఆ సంగతికీ ఈ సిద్ధాంతానికీ సంబంధం లేదని ఎవరూ అడక్కముందే ఆయనే చెప్పేశారు.

కార్పొరేటర్ గారు చెడ్డవారేమీ కాదు. వార్డులో ఎవరికి కష్టమొచ్చినా అందరికంటే ముందు ఆయన స్కూటరే అక్కడ కనపడుతుంది. ఫొటో తీయడం పూర్తయ్యేదాకా అక్కడే ఉంటుంది కూడా. ఆయనకున్న ఆశల్లా ఒక్కటే, పనుల కమిటీకి ఛైర్మన్ కావాలి. ఛైర్మన్‌కి కారిస్తారు, ఆఫీసర్ల కాలనీలో క్వార్టరిస్తారు. అన్నిటినీ మించి, బోర్డు మీద పేరు ముందు ఒక ముక్క చేరుతుంది. ఇంటర్నెట్ మీట నొక్కడానికి నెలాఖరుకి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. ఆ మీట పనిచేస్తే ఛైర్మన్‌గిరీ ఆయనదేననీ, చేయకపోతే పక్క వార్డు ఆయనదనీ పార్టీ ఆఫీసులో తేల్చి చెప్పారు. పక్క వార్డు ఆయన అప్పటికే విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాడని వినికిడి.

కంపెనీల పేర్లు నోరు తిరగనివి. అందుకని అవి దింపిన పైపుల రంగును బట్టి వీధివాళ్ళే వాటికి నారింజ కంపెనీ, నీలం కంపెనీ, పచ్చ కంపెనీ అని పేర్లు పెట్టుకున్నారు. ముందుగా నారింజవాళ్ళు దిగి వీధికి ఎడమ పక్కన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తవ్వారు. తవ్విన పూటే మంచినీళ్ళ గొట్టం పగిలి వీధి కాలువైంది. జనం మున్సిపాలిటీ ఇంజనీరు ఏఈ గారిని చుట్టుముట్టారు. ఆయన తన చేతిలోని ప్లాన్ విప్పి, తిప్పి తిప్పి చూసి, ఇందులో ఇక్కడ గొట్టమే లేదన్నారు. లేని గొట్టం పగిలిందని రాస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరట. ఆ నిజాయితీకి కార్పొరేటర్ గారు ముచ్చటపడి, లేని గొట్టానికి తన చేత్తోనే పాత ట్యూబు చుట్టి ఫొటో దిగారు.

నారింజవాళ్ళు గొయ్యి పూడ్చారు. మున్సిపాలిటీ దానిమీద నల్లగా నిగనిగలాడే రోడ్డు వేసింది. ఆ నిగనిగ చూసుకుని వీధి మురిసిపోతూ ఉండగానే నీలం కంపెనీ మిషన్ వచ్చి నిలబడింది.

కార్పొరేటర్ గారికి అనుమానమొచ్చింది. అంత పొడుగున గొయ్యి తెరిచి ఉన్నప్పుడే మీ పైపు కూడా అందులో పడేసుకోకపోయారా అని నీలం సూపర్‌వైజర్ని అడిగారు. పక్కవాడి గోతిలో మన పైపు పెడితే రేపు పైపు కూడా నాదేనంటాడని సూపర్‌వైజర్ జవాబిచ్చాడు. పైగా పర్మిషన్ ఇవ్వలేదని ఏఈ గారి వైపు చూపించాడు.

ఏఈ గారు నొచ్చుకున్నారు. "రోడ్ కటింగ్ పర్మిషన్ ఇవ్వాలంటే కొయ్యడానికి రోడ్డుండాలి కద సార్. గోతిని కొయ్యమని ఎట్లా రాసేది? ముందు తవ్వినోళ్ళది పూడ్చి, రోడ్డేసి, బాగుందని నేను సర్టిఫికెట్ ఇస్తేనే రెండోవాళ్ళు తవ్వాలి. రూలు."

"ఎవడు పెట్టాడయ్యా ఆ రూలు?"

"మీరే సార్. పోయినేడు కౌన్సిల్లో."

నిజమే. తవ్వినవాళ్ళు రోడ్లు వెయ్యకుండా పోతున్నారని జనం గోలపెడితే, గతుకుల రోడ్డు మీద ఎవరూ గునపం దించకూడదని తీర్మానం పెట్టింది ఆయనే. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. కొత్త రోడ్డు మీద మాత్రమే దించవచ్చు. తన రూలు ఇంత చక్కగా అమలవుతున్నందుకు కార్పొరేటర్ గారికి లోపల గర్వం కలిగింది. కాకపోతే ఆ గర్వం పైకి కనపడనివ్వలేదు, చుట్టూ జనం ఉన్నారు.

నీలంవాళ్ళు కుడిపక్కన తవ్వుతూ మలుపు దగ్గర నారింజ తీగను తెంపారు. అది బాగు చేసుకోవాలంటే నారింజవాళ్ళు తవ్వాలి. వాళ్ళు తవ్వాలంటే నీలంవాళ్ళు పూడ్చాలి, దానిమీద రోడ్డు పడాలి. పడింది. నారింజవాళ్ళు తమ తీగ అతికించుకునే తొందరలో నీలం తీగను తెంపారు. మళ్ళీ రోడ్డు పడింది. ఆ మున్సిపాలిటీ చరిత్రలో ఇన్ని కొత్త రోడ్లు చూసిన వీధి మరొకటి లేదని ఏఈ గారు పైవాళ్ళకి నివేదిక పంపారు. ఆఖరికి పచ్చ కంపెనీ దిగింది. వాళ్ళు అనుభవజ్ఞులు, ఒకటొకటిగా కాకుండా రెండు తీగల్నీ ఒకేసారి తెంపారు.

వీధిలో కాపురాలకు మాత్రం ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టే ఉంది. గోతుల మీద దాటడానికి పలకలు వేస్తే పనివాళ్ళు మధ్యాహ్నం వాటిమీద నడుం వాలుస్తున్నారు. అందరికంటే ఎక్కువగా, పాపం, టైలర్ బాబాయికి దెబ్బ తగిలింది. ఆయన కొట్టు సరిగ్గా మలుపులో ఉంది. కొలతలివ్వాలన్నా కుట్టినవి తీసుకోవాలన్నా గొయ్యి దూకాలి. పాత ఖాతాదారులు ఒకరొకరే వెనక వీధి టైలర్ దగ్గరికి మళ్ళిపోయారు. బాబాయి గుమ్మంలో స్టూలేసుకుని, ఏ రోజు ఏ రంగు పైపు దిగుతోందో చూస్తూ కూర్చుంటున్నాడు.

మంత్రిగారొచ్చే వేళకి కొత్త సూటు కుట్టించుకోవాలని కార్పొరేటర్ గారు బాబాయి దగ్గరికే బయలుదేరారు. చిన్నప్పటి నిక్కర్ల నుంచీ ఆ చెయ్యి కుట్టిన బట్టలే ఆయన వేసుకుంటున్నారు. కానీ గొయ్యి అడ్డం. దూకితే జారి పడతానని భయం, పడితే పక్క వార్డు ఆయన ఫొటో తీయిస్తాడని అంతకంటే భయం. చివరికి బాబాయి టేపు ఇవతలికి విసిరాడు. కార్పొరేటర్ గారు తన కొలతలు తానే తీసుకుని అరిచి చెబుతుంటే బాబాయి అవతల రాసుకున్నాడు. భుజాలైపోయాయి, చేతులైపోయాయి. నడుం దగ్గరికొచ్చేసరికి ఆయన కాస్త ఆగి, ముప్ఫై ఎనిమిదన్నారు.

ఇవతల తమ మేడ మీద బట్టలారేస్తున్న ఆయన భార్య గొంతు వినిపించింది. "నలభై రెండు రాసుకోండి బాబాయి గారూ. ఆయన ఊపిరి బిగబట్టారు."

వీధంతా విన్నది. వెలుగు వేగంతో సమాచారం చేరడమంటే ఏమిటో ఆ రోజే అందరికీ అర్థమైంది.

మంత్రిగారి రాకకు ముందురోజు పొద్దున ఆఖరి రోడ్డు పడింది. అది అద్దంలా ఉంది. వేదిక లేచింది, దానిమీద గోడంత తెర కట్టారు. మంత్రిగారు మీట నొక్కగానే రాజధానిలో ఉన్న పార్టీ అధ్యక్షుడి ముఖం ఆ తెరమీద కనబడి ఆశీర్వదించాలి. ఇక కార్పొరేటర్ గారింట్లో ఇంటర్నెట్ డబ్బా బిగించి, అక్కణ్ణుంచి తెరకి తీగ లాగడమే మిగిలింది. డబ్బా ఎవరిది పెట్టాలో తేలక, గొడవ లేకుండా మూడూ పెట్టించేద్దామని ఆయన సూపర్‌వైజర్లని ముగ్గుర్నీ ఇంటికి పిలిచారు. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ కంపెనీల మధ్య మొదటిసారి ఏకాభిప్రాయం కుదరడం అప్పుడే చూశారాయన.

నీలం సూపర్‌వైజర్ మెల్లగా చెప్పాడు. "ఇది ఫీడర్ లైన్ సార్. ఈ వీధి కిందనుంచి పోతుంది. ఈ వీధిలో ఆగదు."

"ఆగక ఎక్కడికి పోతుందయ్యా?"

"ఆఫీసర్ల కాలనీకి సార్. మావి మూడూ అక్కడికే."

కార్పొరేటర్ గారు కుర్చీలో కూలబడ్డారు. కొండను తవ్వితే కనీసం ఎలకైనా దొరుకుతుందంటారు. కళ్ళముందు ఛైర్మన్ కుర్చీ, కారు, క్వార్టరు గిర్రున తిరిగి పక్క వార్డు వైపు పోతున్నట్టు అనిపించింది. ఏడుపొచ్చినంత పనైంది ఆయనకి. ముప్ఫై ఏళ్ళు జెండా మోసిన మనిషి, కార్పొరేటర్‌ని మించిన పదవి లేకుండానే నెరిసిపోయారు. భార్యకి జాలేసింది. తన ఫోన్‌లో నెట్ ఉందనీ, దాని హాట్‌స్పాట్‌తో ఇంట్లో టీవీ చూస్తూనే ఉన్నామనీ, తెర కూడా పెద్ద టీవీయే కదా అనీ అంది. రాజకీయాల్లో అందరూ మెదడు తమకే ఉందనుకుంటారు గానీ, చాలా ఇళ్ళలో అది వంటింట్లో ఉంటుంది.

మరునాడు మంత్రిగారు అద్దంలాంటి రోడ్డు మీద నడిచొచ్చారు. ఎక్కడా చిన్న గతుకైనా లేకపోయేసరికి, భూమిని గాయపరచకుండా విప్లవం తెచ్చిన వీధి ఇదని మెచ్చుకున్నారు. మీట నొక్కారు. వేదిక వెనక పరదా చాటున స్టూలు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న కార్పొరేటర్ గారి భార్య కూడా నొక్కింది. తెరమీద అధ్యక్షుడి ముఖం వెలిగింది. చప్పట్లు మిన్నంటాయి. అధ్యక్షుడు ఆశీర్వచనం మొదలుపెట్టారో లేదో, పరదా చాటున ఉన్న ఆ ఫోన్‌కి భార్యగారి చెల్లెలు కాల్ చేసింది.

అధ్యక్షుడు నోరు తెరిచిన భంగిమలో ఆగిపోయారు. ఏదో గొప్ప మాట అనబోతున్నారని మంత్రిగారు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డారు. మంత్రిగారు నిలబడితే మిగతావాళ్ళు కూర్చోలేరు గనక సభంతా లేచింది. పరదా వెనక భార్య మళ్ళీ మాట్లాడతానని గుసగుసగా ఎంత చెప్పినా చెల్లెలు వినడం లేదు. ముప్ఫై ఎనిమిదికే కుట్టించుకున్న సూటు నడుం దగ్గర బిగువుగా ఉన్నా కార్పొరేటర్ గారు గట్టిగా ఊపిరి పీల్చుకుని మైకందుకున్నారు. ఇది పాత ఇంటర్నెట్ కాదని, వేగం మరీ ఎక్కువ కావడం వల్ల మన కళ్ళకి ఆగినట్టు కనపడుతోందని వివరించారు. మంత్రిగారు తల పంకించారు. విమానంలో వెళ్ళేటప్పుడు తనకీ అలాగే అనిపిస్తుందన్నారు. అధ్యక్షుడు కదలకముందే, ఆ వేదిక మీదనుంచే, పనుల కమిటీకి కొత్త ఛైర్మన్ పేరు ప్రకటించారు.

వారం తిరక్కుండా సామాను లారీకెక్కింది. కొత్త క్వార్టర్లో అప్పటికే మూడు కంపెనీల డబ్బాలూ గోడమీద వరసగా మెరుస్తున్నాయి. ఆఫీసర్ల కాలనీ రోడ్డు చెడకూడదని అక్కడ మాత్రం తీగలు స్తంభాల మీదుగా తెచ్చారు. లారీ కదలబోతుంటే టైలర్ బాబాయి వచ్చి తలుపు పట్టుకున్నాడు.

"అబ్బాయ్, నువ్వెళ్ళిపోతే మా సంగతి ఎవరు చూస్తారు?"

పుట్టి పెరిగిన వీధి అది. ఛైర్మన్ గారికి నిజంగానే బాధేసింది. అందుకే అక్కడికక్కడే ఒక నిర్ణయం తీసుకున్నారు. పనిమానుకుని కాలనీదాకా వచ్చి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాటలు పడాల్సిన అవసరం ఇక ఎవరికీ లేదు. ప్రతి సోమవారం తానే వీడియోలో కూర్చుంటారు. ఎవరైనా ముఖాముఖి గోడు చెప్పుకోవచ్చు. దొంగ ఫిర్యాదులు రాకుండా చిన్న జాగ్రత్త మాత్రం పెట్టారు, ఇంటికున్న ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు కొడితేనే లైను కలుస్తుంది.

మాట తప్పలేదాయన. ప్రతి సోమవారం సూటు వేసుకుని తెర ముందు కూర్చుంటారు. కాలనీలో వీధిదీపాల గురించి, కుక్కల గురించి, పార్కులో బెంచీల గురించి కుప్పలుగా ఫిర్యాదులొస్తాయి, ఓపిగ్గా అన్నీ వింటారు. తన పాత వీధి నుంచి మాత్రం ఇంతవరకూ ఒక్క ఫిర్యాదైనా రాలేదు. మొన్న కౌన్సిల్లో ఛైర్మన్ గారు లేచి ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి, సభ్యులంతా చాలాసేపు బల్లలు చరిచారు.