గాలి లేకపోయినా ఎగిరే జెండా

ఆరోగ్యశాఖ మంత్రిగారు టౌన్ హాల్లో మైకు ముందు నిలబడి, మూడుసార్లు గొంతు సవరించుకుని, ఆ రోజు నుంచి రేడాన్ వాయువును రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

"ఈ రేడాన్ అనేది నేలలోంచి వస్తుంది. పునాదుల్లో పగుళ్ళు చూసుకుని దొంగలా ఇళ్ళల్లోకి దూరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అంటే ఏమిటి? ప్రజల ముందుకొచ్చి మొహం చూపించే దమ్ము లేదు! ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి కాన్సర్ పట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ దీన్ని పెంచి పోషించిందెవరు? గత ప్రభుత్వం!"

హాలు చప్పట్లతో మారుమోగింది. భూమి పుట్టిన నాటి నుంచీ ఉన్న వాయువును నిన్నగాక మొన్న దిగిపోయిన ప్రభుత్వానికి అంటగట్టడం అల్లాటప్పా నాయకుడి వల్ల అయ్యే పని కాదు.

చివరి వరసలో మీటరమ్మ కూర్చుని ఉంది. ఆమె ఆ శాఖలోనే కొలతల ఉద్యోగి. ఇరవయ్యేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి నీళ్ళనీ గాలినీ దుమ్మునీ కొలుస్తూ ఉండటంతో, అసలు పేరు జీతం కాగితంలో తప్ప మరెక్కడా మిగల్లేదు. మంత్రిగారి ఉపన్యాసం రాసింది ఆమే. రెండు పేజీలు రాసింది. రెండో పేజీలో రేడాన్‌ను ఎలా తగ్గించుకోవాలో ఉంది. ఫొటోలకు వేళ మించిపోతోందని మంత్రిగారు మొదటి పేజీతోనే ఆపేశారు.

ఊళ్ళో రెండొందల ఇళ్ళల్లో రేడాన్‌ను పట్టే డబ్బీలు పెట్టి కొలతలు తీస్తామన్నారు. మొదటి డబ్బీ తన ఇంట్లోనే పెట్టాలని మంత్రిగారు పట్టుబట్టారు. నశ్యం డబ్బీ అంత ఉండే ఆ నల్లటి డబ్బీని కెమెరాల ముందు తలకిందులుగా పట్టుకుని, "యుద్ధం నా గడప నుంచే మొదలు!" అన్నారు.

డబ్బీలు మూడు నెలలు ఇళ్ళల్లో కూర్చున్నాయి. ఆ తర్వాత లాబొరేటరీకి వెళ్ళాయి. ఫలితాలు వచ్చిన రోజు మీటరమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఈ లెక్కను బెకరెల్స్‌లో చెబుతారు. వంద లోపుంటే గుండెల మీద చెయ్యేసుకుని ఉండొచ్చు. మూడొందలు దాటితే మాత్రం ఇంటికి ఏదో ఒకటి చేసి తీరాలి. చాలా ఇళ్ళు బాగానే ఉన్నాయి. నలభై రెండు ఇళ్ళు మూడొందలు దాటాయి. వాటిలో రాళ్ళ క్వారీ దగ్గరి పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఒకటి. జాబితాలో అన్నిటికన్నా పైన, తొమ్మిది వందల పదితో, మంత్రిగారి ఇంటి నేలమాళిగ ఉంది.

ఆమె కాగితం పట్టుకుని మంత్రిగారి గదికి వెళ్ళింది. పక్కన కార్యదర్శి నిలబడ్డాడు. మంత్రిగారి నోట్లో మాట నోట్లో ఉండగానే దానికి అర్థం చెప్పడం అతని ఉద్యోగం.

"తొమ్మిది వందల పదా?" అన్నారు మంత్రిగారు. "అందరికన్నా తక్కువ ఎవరింట్లో వచ్చింది?"

"రైల్వే గేటు కాపలాదారు ఇంట్లోనండీ. ఇరవై రెండు."

"అయితే ఆ ఇరవై రెండూ మాకు రాసి, మాది ఆయనకి రాసెయ్యి. పాపం, కాపలాదారుకి ఎవరు మాత్రం ఏమిస్తారు?"

"అలా కుదరదండీ. ఏ ఇంటిది ఆ ఇంటికే."

"సార్, మీకు ఇరవై రెండు మాత్రం ఎందుకు?" అన్నాడు కార్యదర్శి. "సున్నా అందాం."

"సున్నా ఎక్కడా ఉండదండీ," అంది మీటరమ్మ. "ఆరుబయట గాలిలో కూడా పదో పదిహేనో ఉంటుంది."

"అది మామూలు జనం పీల్చే గాలి," అన్నాడు కార్యదర్శి.

సాయంత్రం విలేకరుల సమావేశంలో మంత్రిగారు కుడిచేతి వేళ్ళతో సున్నా చుట్టి చూపించారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆ సున్నాలోంచి చూస్తున్న మంత్రిగారి కన్ను పడింది.

అదే రోజు మంత్రిగారి భార్య మీటరమ్మను పెరటి దారిన పిలిపించింది.

"ఏమ్మా, కింది గదిలో ఎంతొచ్చింది?"

"సున్నా అండీ."

"అది పేపర్లో వచ్చింది. డబ్బీలో ఎంతొచ్చిందో చెప్పు."

మీటరమ్మ చెప్పింది. ఆవిడ తాళంచెవి తీసుకుని, ఆమెను వెంటబెట్టుకుని మెట్లు దిగింది.

నేలమాళిగకు ఉన్నవి రెండు కిటికీలు. రెంటికీ మేకులు కొట్టి ఉన్నాయి. శాఖ వాళ్ళు అచ్చువేయించిన 'పొగతాగకండి' పోస్టర్లు గోడవారగా నడుమెత్తున పేర్చి ఉన్నాయి. ఆ దొంతర మీద మెత్తటి దిండు, దిండు పక్కన సిగరెట్ పీకలతో నిండిన గాజు గిన్నె. పదవికి మచ్చ రాకూడదని, వాసన వీధిలోకి పోకూడదని, ఆరోగ్యశాఖ మంత్రిగారు రోజూ రెండు గంటలు ఇక్కడ తలుపులు బిగించుకుని కాలుస్తారు. బాధ్యత తెలిసిన మనిషి.

అంతవరకూ మీటరమ్మకు ఆయన మీద నవ్వే వచ్చింది. ఇప్పుడు భయం వేసింది.

"అమ్మా, రేడాన్ ఒక్కటే ఉంటే ఒక ఎత్తు. దానికి పొగ కూడా తోడైతే, అది ఒకటీ ఒకటీ రెండు లెక్క కాదు. ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది."

ఆవిడ దిండు తీసి దులిపి మళ్ళీ అక్కడే పెట్టింది. "గురక పెడతాడు. అబద్ధాలాడతాడు. అయినా ముప్పయ్యేళ్ళ కాపురం. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"కిటికీలు తీస్తే కొంత తగ్గుతుంది, మూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నేల మీద పగుళ్ళు పూడ్చాలి. గచ్చుకి కన్నం పెట్టి, అడుగు నుంచి ఇంటి కప్పు పైదాకా గొట్టం వేసి, దానికో ఫ్యాను బిగించాలి. నేలలోని గాలి గదిలోకి రాకుండా అటునుంచటే బయటికి పోతుంది. ఆయన కాల్చడం మానెయ్యాలి."

"ఆఖరిది నీ వల్లా కాదు, నా వల్లా కాదు. గొట్టం సంగతి చూడు."

ఈ సంగతి చెవిన పడగానే కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, కొంప ముంచకండి! సున్నా ఉన్న ఇంటికి గొట్టమెందుకని విలేకరులు అడగరూ? అది కప్పు మీద తాటిచెట్టంత కనబడుతుంది!"

"దానికో జెండా కట్టు," అంది ఆవిడ.

ఊళ్ళో పాత మేస్త్రీని పిలిచారు. అతను గచ్చుకి కన్నం పెట్టి, బకెట్టెడు మట్టి తోడి, గొట్టం దించాడు. పగుళ్ళన్నీ పూడ్చాడు. గొట్టాన్ని గోడవెంట కప్పు దాటించి, లోపలికి వాన పడకుండా కొసను పక్కకు వంచాడు. పార్టీ రంగులు కూడా అతనే వేశాడు. "గొట్టం గొట్టమేనమ్మా. దాన్ని మీరు ఏమని పిలుచుకుంటే నాకేం?" అన్నాడు మీటరమ్మతో.

ఫ్యాను వేశారు. వంపులోంచి గాలి తన్నుకొచ్చి జెండా రెపరెపలాడింది.

ఆ వారమంతా ఊళ్ళో ఆకు కదల్లేదు. జనం చొక్కాలు విప్పి విసురుకుంటున్నారు. మంత్రిగారి ఇంటి మీద జెండా మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఎగురుతూనే ఉంది. పార్టీ కార్యకర్తలు వీధిలో నిలబడి మెడలు పట్టేసేదాకా చూశారు. "గాలి ఎటున్నా మన జెండా మనదే," అన్నాడొకడు. "గాలి లేకపోయినా మనదే," అన్నాడు ఇంకొకడు, కళ్ళు ఒత్తుకుంటూ. పార్టీ అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేసి, "ఏం చేస్తున్నారయ్యా అక్కడ?" అని అడిగాడు. మంత్రిగారు వినయంగా, "ప్రజాసేవ సార్," అన్నారు.

నెల తిరక్కుండానే 'ఇంటింటికీ ఎగిరే జెండా' పథకం పుట్టింది. రేడాన్‌ ఎలాగూ రద్దయిపోయింది కాబట్టి ఆ మనుషుల్నీ సామాన్లనూ జెండాలకు మళ్ళించారు. ఊరంతటా గొట్టాలు లేచాయి. నమూనా గీసింది కార్యదర్శి. ఫ్యాను బిగించిన గొట్టం కప్పు మీదే మొదలై కప్పు మీదే ముగుస్తుంది. కప్పు కింద ఉండే భాగం ఎవరికీ కనబడదు గనక దాన్ని కొట్టేశాడు.

మీటరమ్మ ఆ గొట్టాలను చూస్తూ ఊరంతా తిరిగింది. పసిపిల్లల కేంద్రం కప్పు మీద కూడా ఒకటి వెలిసింది. కింద చాపల మీద పద్దెనిమిది మంది పిల్లలు బోర్లా పడుకుని నిద్రపోతున్నారు. పైన జెండా ఎగురుతోంది. కేంద్రం ఆయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "పిల్లలకి మంచిదేనా అమ్మా ఈ గొట్టం?" అని అడిగింది.

మీటరమ్మ ఆఫీసుకొచ్చి ఇరవయ్యేళ్ళలో ఎన్నడూ రాయని భాషలో ఒక నోట్ రాసింది. 'జతపరచిన జాబితాలోని ఇళ్ళ వద్ద నేల స్వభావం రీత్యా జెండా గొట్టములకు పునాది అవసరము. పునాది లేనిచో పార్టీ జెండా నేలకొరిగే అవకాశము కలదు. అట్లు ఒరిగినచో బాధ్యులు ఎవరో తెలుపగోరడమైనది.'

కార్యదర్శి చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. నుదురు తుడుచుకుని సంతకం పెట్టేశాడు.

మేస్త్రీ, మీటరమ్మ కలిసి ఇల్లు తర్వాత ఇల్లు గొట్టాలను గచ్చు కిందికి దించారు. మొదట దిగింది పసిపిల్లల కేంద్రానిదే. నలభై రెండింటిలో ఒక్క ఇల్లు మిగిలిపోయింది. అది ప్రతిపక్ష నాయకుడిది. "నా ఇంటి మీద వాడి జెండానా? నా ప్రాణం పోయినా సరే!" అన్నాడాయన. ప్రాణం సంగతే మాట్లాడదామని మీటరమ్మ మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ గేటు తీయలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన తప్పల్లా, పద్ధతి ప్రకారం మళ్ళీ కొలవడమే. ఇంకో మూడు నెలలకు ఫలితాలొచ్చాయి. పసిపిల్లల కేంద్రంలో యాభై అయిదు. మంత్రిగారి నేలమాళిగలో డెబ్బై. ఆమె ఆ సంతోషంలో కాగితం పట్టుకుని పరుగున వెళ్ళింది.

మంత్రిగారు దాన్ని చూసి తెల్లబోయారు. "డెబ్బయ్యా? సున్నా నుంచి డెబ్బైకి పెరిగిందా?"

"తగ్గిందండీ! తొమ్మిది వందల పది నుంచి..."

"అలాంటి అంకె మా రికార్డుల్లో లేదే," అన్నాడు కార్యదర్శి.

మంత్రిగారి ఇంట్లోకి డెబ్బై బెకరెల్స్ చొప్పించిన నేరానికి మీటరమ్మ మీద విచారణ సంఘం వేశారు. సంఘం మొదటి సమావేశంలోనే, గొట్టం పెట్టాకే డెబ్బై వచ్చింది కాబట్టి ఫ్యాను కట్టేస్తే మళ్ళీ సున్నా వస్తుందని తేల్చింది. కట్టేశారు.

జెండా గొట్టాన్ని అంటుకుని వేలాడింది.

అరగంటలో వీధి నిండిపోయింది. మంత్రిగారిని తీసేశారని ఒకరు, పోయారని ఒకరు. ఇద్దరు కార్యకర్తలు అక్కడే నిలబడి పార్టీ మారిపోయారు. గంట తిరక్కుండా ఫ్యాను మళ్ళీ వేశారు. "ఇంకోసారి దాని జోలికెళ్తే ఊరుకోను," అంది మంత్రిగారి భార్య, స్విచ్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటూ.

ఇక డెబ్బై సంగతి తేల్చాలి. సంఘం రెండు రోజులు తలలు బద్దలుకొట్టుకుంది. చివరికి కార్యదర్శి విలేకరుల ముందుకొచ్చాడు.

"డెబ్బై బెకరెల్స్ అన్నది మంత్రిగారి జెండా ఎగిరే వేగం. ఈ ఊళ్ళో ఇంత వేగంగా ఎగిరే జెండా ఇంకోటి లేదు."

పత్రికలు పతాక శీర్షిక పెట్టాయి. మీటరమ్మ మీద విచారణ ఎత్తేసి, ఆమెను జెండా వేగాల ఉద్యోగిగా మార్చి, తలుపు మీద కొత్త బోర్డు వేలాడదీశారు.

ఆ బోర్డు కింద ఆమె కూర్చున్న మొదటి రోజే ప్రతిపక్ష నాయకుడు వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అమ్మా, రాజకీయాలు పక్కన పెడదాం. మా ఇంటి మీద మా జెండా మేం పెట్టుకున్నాం. డెబ్బై దాటాలంటే ఏం చెయ్యాలి? డెబ్బై ఒకటైనా చాలు."

ఇన్నాళ్ళకు మనిషి ఎదురుగా దొరికాడు. మీటరమ్మ గబగబా పాత జాబితా తీసింది. "మీ ఇంటి లెక్క నా దగ్గరుందండీ. అది చెబుదామనే ఇన్నిసార్లు మీ గేటు దాకా వచ్చాను. ఎనిమిది వందల అరవై."

"బెకరెల్సేనా?"

"బెకరెల్సే."

ఆయన లేచి నిలబడ్డాడు. మొహం మతాబాలా వెలిగిపోయింది. "రాసివ్వు. స్టాంపు వేసి రాసివ్వు."

"అయ్యా, కూర్చోండి. ఇది మంచిది కాదు, ఊపిరితిత్తులకి ముప్పు. రేపే మేస్త్రీని తీసుకొస్తాను. ఏ జెండా కావాలంటే అది కట్టుకోండి, గొట్టం మాత్రం కిందిదాకా వేయనివ్వండి. వందలోపుకి దిగిపోతుంది."

"దిగడమా!" ఆయన జాబితా కాగితాన్ని ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వింకా వాళ్ళ మనిషివే!"

మెట్ల కింద విలేకరులు కనిపిస్తున్నారు. ఆయన అటు అడుగేశాడు. మీటరమ్మ వెనకాలే పరుగెత్తింది.

"అయ్యా, ఒక్క మాట! మీ కింది గదిలో ఎవరుంటారు?"

"నా మనవరాలు. పరీక్షలని కిటికీ కూడా తియ్యకుండా పొద్దస్తమానం అక్కడే చదువుకుంటుంది," అన్నాడాయన, కాగితాన్ని తలపైకెత్తి మెట్లు దిగుతూ. "దానికీ చెబుతాలే, మురిసిపోతుంది!"